పెట్టె మీద రాసిన ‘మన’

మా ఊరు బంటింగ్ నుంచి, సముద్రం దాటి దీవి మీదున్న జార్జ్ టౌన్ దాకా బస్సులో కూర్చోవడం ఒక్కటే నాకు అప్పగించిన పని. అదే నాకు చేత కాలేదు. క్లాంగ్ దాటకముందే ఎన్నిసార్లు లేచానో. పిల్లల నీళ్ళసీసాల మూతలు బిగించి ఉన్నాయా, వెనక పేర్చిన పెట్టెలు జారుతున్నాయా అని చూసి వచ్చి కూర్చునేదాన్ని. కూర్చోగానే ఇంకేదో గుర్తొచ్చేది.

“అమ్మమ్మా, కూకో లా,” అంది మనవరాలు, మాట చివర మలాయ్ వాళ్ళ ‘లా’ తగిలించి, కిటికీ వైపు నుంచి తల తిప్పకుండా. “నువ్వు లేస్తే నాకూ కుదురుండదు.”

దానికి కుదురు లేనిది నా వల్ల కాదు. దాని బొటనవేళ్ళు రెండూ ఒళ్ళో సంచి మీద అటూ ఇటూ కదులుతూనే ఉన్నాయి. కనపడని పుల్లలు రెండు అక్కడ ఉన్నట్టు, వాటితో దేన్నో నడుపుతున్నట్టు.

అది హైస్కూల్లో రోబో జట్టులో ఉంది. పోయినేడు కూడా ఉంది, కానీ అప్పుడు రోబోను తోలింది పై తరగతి కుర్రాడు. పోటీ జరిగినంత సేపూ మా గుంట గోడ వారగా స్పానరు పట్టుకుని నిలబడి, అలాగే ఇంటికొచ్చింది. ఆ కుర్రాడు చదువైపోయి వెళ్ళాక కంట్రోలరు దీని చేతికొచ్చింది. వచ్చే ఏడు పెద్ద పరీక్ష. “ఇదొక్కసారే” అని నా కూతురు ముందే చెప్పేసింది. నా కూతురు చెప్పిందంటే ఇక అంతే. ఈ పోటీలో తోలితే తోలినట్టు, లేకపోతే లేనట్టు. అందరూ నడపడం అంటారు గానీ మా ఇంట్లో బండైనా, మోటారుసైకిలైనా, రోబో అయినా తోలడమే.

ఆడపిల్లలు ఊరికాని ఊళ్ళో రాత్రి ఉండాలంటే తోడుగా ఒక ఆడమనిషి ఉండాలని స్కూల్లో నియమం. వెళ్ళాల్సిన టీచరమ్మకు జ్వరం పట్టుకుంది. నా కూతురికి ఫ్యాక్టరీలో సెలవు దొరకలేదు. నేను రానంటే ఆడపిల్లలు ముగ్గురూ ఆగిపోతారు. అలా నేను బస్సెక్కాను. జట్టుతో వచ్చిన సారు మలాయ్ కుర్రవాడు. పిల్లలు ఆయన్ని చిక్గు అంటారు, మలాయ్‌లో టీచరుకి అదే పిలుపు. మా వాళ్ళు నలుగురు: నా మనవరాలు, ఒక చైనా పిల్ల, ఒక మలాయ్ పిల్ల, ఒక తమిళ కుర్రాడు. మలాయ్ పిల్ల నన్ను నెనెక్ అంటుంది, తమిళ కుర్రాడు పాటి అంటాడు, రెండూ అమ్మమ్మ అనే. చైనా పిల్ల మాత్రం మనవరాలిని చూసి అమ్మమ్మా అనే అనేది, మా గుంట కంటే స్పష్టంగా.

బయల్దేరే ముందు చిక్గు పెట్టెల మీద ఏదైనా గుర్తు పెట్టమన్నాడు. రోబోకి ఒక పెద్ద పెట్టె, పనిముట్లకి ఒకటి, కంట్రోలరూ బ్యాటరీలూ ఉన్న చిన్నది ఒకటి. అన్నీ నల్లవే, అందరూ ఒకే దుకాణంలో అదే రకం కొంటారు. పెద్దవాటి మీద స్కూలు పేరున్న కాగితాలు అంటించారు. చిన్నదానికి కాగితం మిగల్లేదు. మార్కరు నా పక్కనే ఉంది.

నాకు అక్షరాలు వచ్చింది ఈ మధ్యనే. మేం పెరిగిన రబ్బరు ఎస్టేటులో బడి తమిళంలో ఉండేది, దానికి కూడా నేను సరిగా పోలేదు. తెలుగు నోటిదాకానే. ముసలితనంలో సంఘం వాళ్ళు ఆదివారాలు తెలుగు చెబుతారంటే పోయి, మనవల ఈడు పిల్లల పక్కన కూర్చుని నేర్చుకున్నాను. అప్పట్నుంచి చెయ్యి ఊరుకోదు. ఉప్పు డబ్బా మీద ఉప్పు, పప్పు డబ్బా మీద పప్పు. డబ్బాలో ఏముందో తెరవకుండానే తెలిసినా సరే, రాయాల్సిందే. ఆ పొద్దున బస్సు ఇంజను మోగుతోంది. గుణింతాలు లేని మాట కావాలి, త్వరగా అయిపోవాలి. చిన్న పెట్టె మూత మీద ‘మన’ అని రాశాను. మ తోక కొంచెం వంకర పోయింది. న బాగా కుదిరింది. చూసుకుని సంతోషపడ్డాను కూడా.

బస్సు మా ఒక్కరిదే కాదు. క్లాంగ్‌లో ఇంకో స్కూలు వాళ్ళు ఎక్కారు, వాళ్ళూ అదే పోటీకి. వాళ్ళ పిల్లలకు తోడుగా ఒక తాత వచ్చాడు, పొట్టిగా, తెల్ల చొక్కాతో, జేబులో వేరుశనగల పొట్లంతో. నా ముందు సీట్లో కూర్చున్నాడు. వెనక్కి తిరిగి పొట్లం చాపి తమిళంలో తీసుకోమన్నాడు. నేనూ తమిళంలోనే వద్దన్నాను, తర్వాత తీసుకున్నాను. దారి పొడుగునా ఇద్దరం తమిళంలోనే మాట్లాడుకున్నాం. మోకాళ్ళ గురించి, వానల గురించి, పిల్లలు అన్నం ఒదిలేసి తినే చెత్త గురించి. కుదురుగా కూర్చోమని ఆయన కూడా ఒకసారి చెప్పాడు.

ఈపో చేరకముందే బస్సు లోపల చల్లగాలి ఆగిపోయింది. ఆ తర్వాత ఇంజను దగ్గర్నుంచి వాసన. డ్రైవరు దాన్ని ఎలాగో లాక్కుంటూ హైవే పక్కన బళ్ళు ఆగే చోటికి తెచ్చాడు. పంపరపనసకాయలు వలల్లో వేలాడదీసి అమ్మే కొట్లు అక్కడ వరసగా ఉన్నాయి. బస్సు ఇక కదలదన్నారు. కంపెనీ వాళ్ళు వ్యాన్లు రెండు పంపుతామన్నారు, ఒక్కో స్కూలుకి ఒకటి.

ఆ ఎదురుచూపు నన్ను చంపింది. మా రోబోకి చెకింగు ఆ సాయంత్రమే. కొలతలు చూసి, నడిపించి చూసి, సరే అంటేనే మర్నాడు ఆడనిస్తారు. చెకింగు బల్ల మూసేలోగా అందకపోతే లేదు. నేను కొట్ల ముందు ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగాను. పంపరపనసలు బేరమాడాను, కొనలేదు. మనవరాలు మెట్టు మీద కూర్చుని చెప్పుతో నేల గీకుతోంది. తినమంటే తినదు. పులిహోర పొట్లం విప్పితే తమిళ కుర్రాడు దాని వాటా కూడా తిన్నాడు.

వ్యాన్లు రావడం, వాన రావడం ఒక్కసారే. ఆడపిల్లలు టాయిలెట్‌కి పోవాలన్నారు, వాళ్ళని తీసుకుపోవడం నా పని, పోయాను. తిరిగొచ్చేసరికి సామాను ఎక్కించేశారు, ఎక్కండి ఎక్కండి అని చిక్గు చేతులు ఊపుతున్నాడు. ఎక్కాం. వాన అద్దాల మీద కొడుతుంటే కొండలు కనపడలేదు. పెద్ద వంతెన మీద సముద్రం కూడా చూడలేదు నేను, డ్రైవరు ముందున్న గడియారం చూస్తూ కూర్చున్నాను.

పోటీ జరిగే హాల్లో మాకిచ్చిన బల్ల మీద పెట్టెలు దించారు. పెద్దది ఉంది. పనిముట్లది ఉంది. చిన్నది లేదు.

వ్యాన్లో వెతికారు. సీట్ల కింద వెతికారు. తమిళ కుర్రాడు నెమ్మదిగా చెప్పాడు. వానలో సామాను దించుతున్నప్పుడు క్లాంగ్ వాళ్ళెవరో ఆ పెట్టె ఎత్తి ఇదెవరిదని అడిగారట. తను మూత మీద చూశాడట. “తమిళం కాదు. అందుకని మాది కాదన్నాను,” అన్నాడు. వాణ్ణి ఏమనగలం? వాడు చూసింది నిజమే.

చిక్గు క్లాంగ్ టీచరుకి ఫోను చేశాడు. ఆ వ్యాను జార్జ్ టౌన్ రాలేదు. వాళ్ళ చెకింగు మర్నాడు పొద్దున, అందుకని సముద్రానికి అవతల బటర్‌వర్త్‌లో బసకి పోయారు. తమ దగ్గర నల్ల పెట్టెలు బోలెడున్నాయి, మా పెట్టె మీద ఏం రాసుందో చెప్పమంది ఆవిడ. చిక్గు నా వైపు తిరిగాడు.

“నెనెక్, పెట్టె మీద ఏం రాశారు?”

“మన,” అన్నాను.

ఆయన ముఖం చిట్లించాడు. “ఎక్కడుందో తరవాత చూద్దాం. ముందు ఏం రాశారో చెప్పండి.”

“మన.”

“అదే నేనూ అడుగుతున్నాను.”

మలాయ్‌లో ‘మానా’ అంటే ఎక్కడ అని. ఇన్నేళ్ళుగా రోజూ రెండు మాటలూ నా నోట్లో తిరుగుతున్నాయి, ఒకదానికొకటి తగలడం అప్పుడే చూశాను. నేను మన అంటుంటే ఆయన ఎక్కడ అని వింటున్నాడు. ఫోను లోపలి ఆవిడ కూడా ఇక్కడే, ఇక్కడే అంటోంది. చైనా పిల్లకి నవ్వు ఆగలేదు. నా మనవరాలు నవ్వలేదు.

“తెలుగు లా, చిక్గు,” అంది. “కితా పున్య.”

మనది అని చెప్పింది. చిక్గు వెంటనే అడిగాడు. “కితానా, కామీనా?”

మలాయ్‌లోనూ మనకున్నట్టే రెండు మాటలు. వింటున్నవాణ్ణి కలుపుకుంటే కితా, వాణ్ణి పక్కన పెడితే కామీ. మన, మా. తమిళ కుర్రాడు కూడా తలూపాడు, వాళ్ళకీ ఉంది ఆ తేడా. నేను కితా అని ఒప్పుకున్నాను.

“అయితే వాళ్ళు తీసుకెళ్ళడంలో తప్పేముంది?” అన్నాడు చిక్గు. నవ్వుదామని అన్నాడు గానీ ఆయన చూపు గోడ గడియారం మీదే ఉంది.

అప్పుడు ఫోనులోంచి మగ గొంతు వినబడింది. చిక్గు ఫోను అందరికీ వినపడేట్టు పెట్టాడు. వేరుశనగల తాత గొంతు అది, తమిళం కాదు. “మన అని రాసున్న పెట్టేనా? నేనే ఎక్కించినాను. సదివినాను గదా, మనదే అని ఎక్కించినాను.”

పొద్దుట్నుంచి నేను తమిళంలో మాట్లాడింది తెలుగువాడితో. ఆయనా అంతే. తెలుగు చదవడం వచ్చిన మనిషి ఆ బస్సులో నేను కాక ఇంకొకడున్నాడు, నా రాత సరిగ్గా అతని కంట్లోనే పడింది. తప్పు చదివుంటే పెట్టె మాతో వచ్చేది.

“అమ్మమ్మా,” అంది మనవరాలు, గొంతు బాగా తగ్గించి. “ఎవుడు సదువుతాడని రాసినావు?”

 మా ఇంట్లో ఉప్పు డబ్బా మీద ఉప్పు అని కూడా ఎవరో చదువుతారని రాయలేదు నేను.

వాళ్ళ వ్యాను డ్రైవరు దించేసి వెళ్ళిపోయాడట. తాత తనే ఫెర్రీ ఎక్కి తెస్తానన్నాడు. నేనూ మనవరాలూ అద్దె కారులో ఫెర్రీ దిగే చోటికి పోయాం. అక్కడ బెంచీ ఉంది, మేమిద్దరం కూర్చోలేదు. మనవరాలు కటకటాల దాకా పోయి వస్తోంది, నేను దాని వెనకాలే పోయి వస్తున్నాను. ఒక ఫెర్రీ వచ్చింది. మోటారుసైకిళ్ళు దిగాయి, ఆఫీసు మనుషులు దిగారు, పుచ్చకాయ మోసుకుని ఒకామె దిగింది. తాత లేడు. మనవరాలు నీళ్ళ వైపు తిరిగి నిలబడింది. బొటనవేళ్ళు కదలడం మానేశాయి. అది చూసి నాకు మరింత భయమేసింది.  

తర్వాతి ఫెర్రీలో వచ్చాడు. పెట్టె భుజం మీద, ఒక చెయ్యి దాని మీద, రెండో చెయ్యి మెట్ల కటకటం మీద. మనవరాలు ఎదురు పరిగెత్తి పెట్టె లాక్కుని అక్కడే తెరిచి చూసుకుంది. అన్నీ ఉన్నాయి. ఆయన ఊపిరి పీల్చుకుంటూ నా వైపు తిరిగాడు.

“ఎంత పని సేసినావు సెల్లెమ్మా. తెలుగుదానివని ముందే సెప్పొద్దా?”

“మీరు సెప్పినారేటి అన్నా? అరవంలో శనగలు పెట్టినారు.”

“మా ఇంట్లో అరవమే. నాయన ఉన్నన్నాళ్ళే తెలుగు. ఎస్టేట్లో ఇసకలో రాయించీవాడు.” ఆయన పెట్టె వైపు చూశాడు. “రోడ్డు మీద తెలుగచ్చరం కనపడితే ఏటి సేస్తాను, సదివేసినాను. సదివినాక ఇంక ఆలోసించలేదు. నీ మ మాత్రం య లాగున్నాది.”

“య లాగుంటే ఎందుకు ఎత్తుకుపోయినారు?”

అంతకు మించి మాట్లాడ్డానికి మనవరాలు ఒప్పుకోలేదు. కారు తలుపు తెరిచి నిలబడి మలాయ్‌లో కేకేసింది. ముగ్గురం కలిసే పోయాం, తాత ముందు సీట్లో, పెట్టె దాని ఒళ్ళో. ఎర్ర దీపం పడిన ప్రతి చోటా అది కాలు నేలకేసి తన్నింది. చెకింగు బల్ల దగ్గర ఒకాయన అప్పటికే కొలబద్ద సంచిలో పెట్టుకుంటున్నాడు. మా చిక్గు ఆయన ముందు నిలబడి ఏదో కథ చెబుతున్నాడు. పెట్టె చూడగానే కథ ఆపేశాడు. కొలబద్ద మళ్ళీ బయటికొచ్చింది. రోబో కదిలింది, ఆగింది, తిరిగింది. ఆయన చీటీ అంటించాడు.

మర్నాడు ఆట. తక్కువ గోడలు కట్టిన గళ్ళ నేల మీద రంగు దిమ్మలు పడేసి ఉంటాయి. రోబో వాటిని ఎత్తి బుట్టల్లో వేయాలి. నా మనవరాలు హాలు గోడ వారగా స్పానరుతో కాదు, ఆ గళ్ళ నేల ముందు కంట్రోలరుతో నిలబడింది. దాని వెనక చైనా పిల్ల నిలబడి ఎటు తిప్పాలో చెబుతోంది.

నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. కూర్చోలేకపోయాను. వెనక గోడ దగ్గర పెద్ద ఫ్యానుంది, దాని పక్కన నిలబడ్డాను. అక్కడ్నుంచి తలలే కనపడతాయి, నేల కనపడదు. మొదటి ఆటలో జనం అయ్యో అన్నట్టు ఊపిరి వదిలారు, మా రోబో గోడకి గుద్దుకుందని తర్వాత తెలిసింది. రెండో ఆటలో దిమ్మ ఎత్తింది, వేసే లోపల గంట మోగింది. తాత తన మనవడి ఆట లేని సమయంలో నా పక్కకొచ్చి నిలబడ్డాడు. మీ గుంట తొందర పడుతున్నాది అన్నాడు. మా ఇంట్లో తొందర లేనిదెవరికి అన్నాను. చివరి ఆటలో ఏమైందో నాకు తెలియదు. ఒక్కసారి అరుపులు లేచాయి, మళ్ళీ లేచాయి. తలల మధ్య సందులో నాకు మనవరాలి మోచేతులు మాత్రం కనిపించాయి. అవి ఒంటికి అతుక్కుని, కదలకుండా, ఎంతో కుదురుగా ఉన్నాయి. దాన్ని నేను అంత కుదురుగా ఎప్పుడూ చూడలేదు, నిద్రలో కూడా.

తర్వాతి దశకి మా వాళ్ళు రాలేదు. మొదటి రెండు ఆటలూ ముంచేశాయి. క్లాంగ్ వాళ్ళు వచ్చారు, వాళ్ళూ ఆ తర్వాత ఓడిపోయారు.

బస్సు బాగై వచ్చింది. పెట్టెలు ఎక్కించే ముందు మనవరాలు చిన్న పెట్టె నా ముందు పెట్టి మార్కరు చేతికిచ్చింది.

“ఇప్పుడు ఊరి పేరు రాయి. మన వద్దు.”

రాయడానికి వంగాను. బ. సున్నా. ట. గుడి పెట్టబోతుంటే డ్రైవరు హారను కొట్టాడు, పిల్లలు పెట్టె లాగేశారు. వెనకనుంచి తాత మెడ చాపి చదివాడు. “బంట. ఎవరికి బంటమ్మా ఇది?”

“నాకే,” అన్నాను. “నేను దానికి.”

ఈసారి ఆయన నా పక్క సీట్లో కూర్చున్నాడు. తెలుగే మాట్లాడాడు. మాట దొరకని చోట తమిళంలోకి పోయి, గుర్తొచ్చినప్పుడు తిరిగొచ్చేవాడు. వంతెన ఎక్కేసరికి నా కూతురు ఫోను చేసింది, మనవరాలు ఎత్తింది. అటు నుంచి ఫ్యాక్టరీ చప్పుడు నాక్కూడా వినపడుతోంది. గెలిచారా అని అడిగినట్టుంది. ఓడిపోయామని మలాయ్‌లో చెప్పింది.  నేను దాని ముఖం చూడకుండా నీళ్ళు చూశాను.

“నేనే తోలినాను, అమ్మా,” అంది. “మూడాట్లూ నేనే.”

వాళ్ళమ్మ ఏమందో నాకు వినపడలేదు. మనవరాలు ఊఁ అంది, మళ్ళీ ఊఁ అంది, ఫోను పెట్టేసి కిటికీ వైపు తిరిగింది. వచ్చే ఏడు మాట ఏమైనా వచ్చిందా అని అడగాలని ఉంది.  దాని బొటనవేళ్ళు ఒళ్ళో మళ్ళీ మొదలుపెట్టాయి. వెనకాల పెట్టె ఏదో జారిన చప్పుడైంది. నేను లేచాను. ఈసారి కూకో అనలేదు అది. దారికి అడ్డంగా ఉన్న కాళ్ళు మాత్రం పక్కకి తీసింది.